తగ్గిన బీపీ, మానిన మందు: రక్తపోటు చికిత్సా భాషలో పూట, కాలం

వ్యాససంగ్రహం

రక్తపోటు మందును రోజుకు ఎన్నిసార్లు వేసుకోవాలన్నది వైద్యప్రశ్న. ఆ సంఖ్యను రోగికి ఏ మాటల్లో చెబుతున్నామన్నది భాషాప్రశ్న. మందుల చీటీలోని 1–0–1 గుర్తును, మందుల కవరు మీది పూటల పేర్లను, తెలుగు ఆరోగ్యవ్యాసాల వాక్యధోరణిని పాఠ్యంగా తీసుకొని ఈ రెండు ప్రశ్నల సంబంధాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. పూట తప్పడం, మందు మానడం రెండు వేర్వేరు వైఫల్యాలనీ, పూటల సంఖ్య తగ్గించడం ప్రధానంగా మొదటిదానికే ఉపకరిస్తుందనీ, రెండోదానికి మన క్రియాపదాల అర్థాన్ని ఎరిగిన రచన అవసరమనీ ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: రక్తపోటు, మందుల చీటీ, పూట, తగ్గడం, మానడం, వైద్యరచన.

1. ఉపోద్ఘాతం

తెలుగులో వైద్యరచనను సాహిత్యవిమర్శ సాధారణంగా పట్టించుకోదు. విషయాన్ని వైద్యులకు, పదాలను నిఘంటుకారులకు వదిలేయడం అలవాటైంది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి పాఠ్యగ్రంథాలను, పారిభాషిక పదకోశాలను అందించింది. అది విలువైన కృషి. అయితే పదం దొరికితే భావం చేరినట్టేనన్న నమ్మకం కూడా ఆ కృషి వెంటే బలపడింది. రోగి పదకోశాన్ని చదవడు. అతడు చదివేది మందుల చీటీని, మందుల షాపువారిచ్చిన కవరును, ఆదివారం పత్రికలోని ఆరోగ్యశీర్షికను. ఈ మూడూ రచనలే. మూడింటికీ పాఠకుడున్నాడు. ఆ పాఠకుడు తప్పుగా చదివితే దాని ఫలితం పక్షవాతం, గుండెపోటు, మూత్రపిండాల వైఫల్యం రూపంలో ఏళ్ల తరువాత బయటపడుతుంది. అందువలన వీటిని విమర్శకు అర్హమైన పాఠ్యాలుగా గుర్తించవలసి ఉంది.

సమస్య చిన్నది కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 ఏళ్లు, ఆ పైబడిన స్త్రీలలో నాలుగోవంతుకు మించి, పురుషులలో దాదాపు మూడోవంతు మంది రక్తపోటు ఎక్కువగా ఉన్నవారో, దానికి మందు వాడుతున్నవారో. ఇంతమంది ప్రతిరోజూ చదవవలసిన పాఠ్యానికి తెలుగులో ఉన్న రూపమేమిటన్నదే ఈ వ్యాసంలోని ప్రశ్న.

2. చీటీ ఒక పాఠ్యం

మందుల చీటీలో వైద్యుడు రాసే సూచన మూడు అంకెలు: 1–0–1. ఉదయం ఒకటి, మధ్యాహ్నం లేదు, రాత్రి ఒకటి అని దాని అర్థం. పాతతరం వైద్యులు ఓ.డి., బి.డి., టి.డి.ఎస్. అన్న సంక్షిప్తాలు రాసేవారు. రెండోది, మూడోది లాటిన్ మాటల కుదింపులు.  రోజుకు ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు అని వాటి భావం. అంకెల పద్ధతి అంతకంటే మేలైనది. అక్షరజ్ఞానం అంతగా లేనివారు కూడా దాన్ని పోల్చుకోగలరు. మందుల షాపు కవరు మీద ఉదయం, మధ్యాహ్నం, రాత్రి అన్న మూడు గడులుంటే షాపులోని కుర్రవాడు వాటిలో గీత గీసి ఇస్తాడు.

ఈ పాఠ్యం ఒక ఊహ మీద నిలబడింది. అందరికీ రోజు మూడు భాగాలుగానే నడుస్తుందని, ఆ భాగాల మధ్య దూరం సమానమని, ప్రతి భాగంలో ఒక భోజనం ఉంటుందని ఆ ఊహ. చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ ఒకదాన్నొకటి ఆనుకొని ఉన్న హైదరాబాదు పేటలు. ఈ కొద్దిపాటి మేరలోనే ఆ ఊహ ఎన్ని రకాలుగా విఫలమవుతుందో చూడవచ్చు. చిక్కడపల్లి పాత ఇళ్లలోని విశ్రాంత ఉద్యోగికి ఉదయం అంటే కాఫీవేళ. ఆర్.టి.సి. క్రాస్ రోడ్స్ సినిమాహాల్లో రెండో ఆట ముగిశాక ఇల్లు చేరే ఉద్యోగికి రాత్రి అంటే మరునాటి తేదీ. అశోక్‌నగర్ కోచింగ్ కేంద్రాల చుట్టూ ఉన్న మెస్సులో వంటచేసే మనిషికి ఉదయం తీరిక దొరికేది అందరి టిఫిన్లూ అయ్యాకనే. నగర కేంద్ర గ్రంథాలయంలో పొద్దంతా చదువుకొనే అభ్యర్థి ఊళ్లో ఉన్న తల్లికి ఫోను చేసి గోలీ వేసుకున్నావా అని అడిగేది అతనికి కుదిరిన వేళలోనే. ఇందరికీ చీటీ ఒక్కటే: 1–0–1. ఉదయం తొమ్మిదికి, రాత్రి తొమ్మిదికి వేసుకొనేవారికి అది పన్నెండు గంటల అంతరం. ఉదయం పదకొండుకు, సాయంత్రం ఏడుకు వేసుకొనేవారికి ఒకవైపు ఎనిమిది గంటలు, మరొకవైపు పదహారు గంటలు. గుర్తులో పూట ఉంది గాని అంతరం లేదు.

తెలుగులో 'పూట' గడియారపు మాట కాదు, జీవికకు సంబంధించిన మాట. రెండుపూటలా తిండి, పూట గడవడం, పూటకూళ్ల ఇల్లు, ఒంటిపూట బడి అన్న ప్రయోగాలన్నీ తిండితోనో పనితోనో కాలాన్ని కొలుస్తాయి. అందుకే పూటకు ముడిపడ్డ మందు బాగా గుర్తుంటుంది, పూట కదిలితే మందూ కదులుతుంది. తెలంగాణలో ఒక్కపొద్దు ఉన్ననాడు, రంజాన్ ఉపవాసాలలో, శివరాత్రి జాగారంలో పూటల క్రమం మారిపోతుంది. కవరు మీద 'తిన్న తరువాత' అని ఉంటే, తినలేదు కాబట్టి వేసుకోలేదన్నది తార్కికమైన పఠనమే. నిజానికి విస్తారంగా వాడే అమ్లోడిపిన్, టెల్మిసార్టన్ వంటి మందులను తిండితోనైనా తిండి లేకుండానైనా వేసుకోవచ్చు. అక్కరలేని చోట రాసిన రెండు మాటలు ఒక మోతాదును పోగొడుతున్నాయి.

3. పూటల సంఖ్య: ఆధారాల పరిధి

మోతాదుల సంఖ్య పెరిగేకొద్దీ వాడకం తగ్గుతుందనడానికి ఆధారాలున్నాయి. మూత తెరిచిన ప్రతిసారీ సమయాన్ని నమోదు చేసే ఎలక్ట్రానిక్ డబ్బాల సాయంతో జరిగిన 76 అధ్యయనాలను క్లాక్స్‌టన్, మరి ఇద్దరు పరిశోధకులు 2001లో సమీక్షించారు. సూచించిన విధంగా మందు వాడటం సగటున రోజుకు ఒకసారి అయినప్పుడు 79 శాతం, రెండుసార్లయితే 69, మూడుసార్లయితే 65, నాలుగుసార్లయితే 51 శాతంగా తేలింది. రక్తపోటుకే పరిమితమై ష్రోడర్ బృందం 2004లో చేసిన సమీక్షలో, మోతాదుల క్రమాన్ని సరళం చేసిన తొమ్మిది అధ్యయనాల్లో ఏడింట వాడకం 8 నుంచి 19.6 శాతం వరకు మెరుగుపడింది.

ఈ అంకెలను తెలుగు ఆరోగ్యవ్యాసం ఎత్తి చూపినప్పుడల్లా అవి చెప్పని విషయాన్ని వదిలేయడం పరిపాటి. క్లాక్స్‌టన్ సమీక్షలో ఒకసారికీ రెండుసార్లకూ మధ్య కనిపించిన తేడా గణాంకరీత్యా నిశ్చయమైనది కాదు. మూడు, నాలుగుసార్ల నుంచి ఒకసారికి మారడమే స్పష్టమైన లాభం. పైగా ఆ సమీక్ష అనేక వ్యాధులను కలిపి చూసినది.

హైదరాబాదుకు సంబంధించిన ఉదాహరణ ఇంకా ఆలోచింపజేస్తుంది. ఈ నగరానికి చెందిన డాక్టర్ రెడ్డీస్ సంస్థ తయారుచేసిన బహుళౌషధ మాత్రను భారతదేశంలోనూ ఐరోపాలోనూ 2,004 మంది మీద పరీక్షించిన 'అంపైర్' అధ్యయనం 2013లో వెలువడింది. ఆస్పిరిన్, కొవ్వును తగ్గించే మందు, రెండు రక్తపోటు మందులు అందులో ఒకే మాత్రగా ఉన్నాయి. సుమారు పదిహేను నెలల తరువాత ఆ మాత్ర వాడినవారిలో 86 శాతం, విడివిడిగా మందులు వాడినవారిలో 65 శాతం క్రమంగా వాడుతున్నామని చెప్పారు. తేడా 21 పాళ్లు. కాని పైరక్తపోటులో తేడా 2.6 మిల్లీమీటర్లు మాత్రమే. వాడకాన్ని రోగులే స్వయంగా చెప్పారన్నది కూడా గమనించాలి. మాత్రల లెక్క సులువైనంత మాత్రాన పోటు అంతే సులువుగా దిగదని ఈ రెండంకెలూ పక్కపక్కనే నిలబడి చెబుతున్నాయి.

మందు స్వభావం మరొక అంశం. క్యాప్టోప్రిల్ రక్తంలో సగానికి తగ్గడానికి సుమారు రెండు గంటలు చాలు. అటెనొలోల్‌కు ఆరేడు గంటలు. అమ్లోడిపిన్‌కు 30 నుంచి 50 గంటలు. కాబట్టి రోజుకొక్కసారి అన్న ఒకే మాట కింద రెండు రకాల మందులున్నాయి. అమ్లోడిపిన్ ఒకరోజు తప్పినా కొంత ఓర్చుకొంటుంది. త్వరగా కరిగిపోయే మందు ఓర్చుకోదు. రోజుకు రెండుసార్ల మందులో ఒకటి తప్పితే పోయేది సగం రోజు, రోజుకొక్కసారి మందు తప్పితే పోయేది మొత్తం రోజు. అందుచేత పూటలు తగ్గించడంలోని మేలు, ఎక్కువసేపు నిలిచే మందును ఎంచుకున్నప్పుడే పూర్తిగా దక్కుతుంది.

4. తగ్గడం, మానడం: క్రియల చిక్కు

అన్నిటికంటే ముఖ్యమైన ఆధారం వ్రైయెన్స్ బృందం 2008లో ప్రచురించినది. రక్తపోటు మందు వాడుతున్న 4,783 మంది ఎలక్ట్రానిక్ నమోదులను అది పరిశీలించింది. ఇంకా మందు కొనసాగిస్తున్నవారు ఏ రోజైనా తప్పించిన మోతాదులు సుమారు 10 శాతం. అయితే ఏడాది తిరిగేసరికి దాదాపు సగం మంది మందునే ఆపేశారు. అంటే అసలు గండి పూట తప్పడంలో లేదు, మానడంలో ఉంది. 2012లో అదే పరిశోధకుడు మరికొందరితో కలిసి మందు వాడకాన్ని మొదలుపెట్టడం, అమలు చేయడం, ఆపేయడం అన్న మూడు దశలుగా విడదీశాడు. పూటల సంఖ్య ప్రధానంగా రెండో దశకు చెందిన ప్రశ్న. తెలుగు ఆరోగ్యవ్యాసాలు మూడు దశలనూ 'క్రమం తప్పకుండా మందులు వాడాలి' అన్న ఒకే వాక్యంలో పోసేస్తాయి.

మన భాషలో ఈ తేడాకు మాటలు లేవా? ఉన్నాయి. మరవడం, తప్పడం, ఆపడం, మానడం అన్నవి వేర్వేరు క్రియలు. కాని వాటిలో ఒకటి తనతో ఒక పాత రోగభావనను మోసుకొస్తుంది. తెలుగులో గాయం మానుతుంది, పుండు మానుతుంది; అదే క్రియతో మందూ మానుతాం. రోగం మానితే మందు మానాలన్న తర్కం ఆ క్రియలోనే ఇమిడి ఉంది. వాడుకభాషలో 'మందు మానేశాడు' అంటే తాగుడు మానేశాడని అర్థం, అదొక మెచ్చుకోలు. చికిత్స మానడాన్ని హెచ్చరికగా చెప్పవలసిన వాక్యం మెచ్చుకోలు వాక్యానికి అచ్చంగా సమానంగా ఉంది.

'తగ్గడం' మరింత చిక్కైనది. జ్వరం తగ్గింది అంటే జ్వరం పోయిందని. దగ్గు తగ్గింది, విరేచనాలు తగ్గాయి అన్నా అంతే. బీపీ తగ్గింది అని వైద్యుడు అన్నప్పుడు అతని ఉద్దేశం 150 నుంచి 130కి దిగిందని. రోగి వినేది బీపీ పోయిందని. తగ్గిన రోగానికి మందు వేసుకోవడం తెలుగు ఇంగితానికి అనవసరం. ఈ పఠనాన్ని అజ్ఞానమనడం న్యాయం కాదు, అది భాష నేర్పిన పఠనం.

'రక్తపోటు' అన్న పదం కూడా సాయపడదు. పోటు అంటే తలపోటు, కత్తిపోటు, ఆటుపోటు. నొప్పిగానో ఉద్ధృతిగానో తెలిసేది. తలపోటు లేదు కనుక రక్తపోటూ లేదన్న నిర్ణయానికి ఆ పదం దారితీస్తుంది. లక్షణాలు లేకుండా ఏళ్ల తరబడి ఉండగలగడమే ఈ స్థితి స్వభావం. పదాన్ని మార్చాలని నా ప్రతిపాదన కాదు, అది స్థిరపడింది. పదం మోసుకొచ్చే ఊహను వాక్యం సరిదిద్దాలి.

ఈ క్రియల వెనుక తక్షణవ్యాధుల చరిత్ర ఉంది. నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌కు కుక్కకాటు టీకా కోసం జనం వస్తారు. కండకు ఇచ్చే పద్ధతిలో ఆ టీకా క్రమం 0, 3, 7, 14, 28 రోజులు. తేదీలుంటాయి, చివరి సూది ఉంటుంది, 'కోర్సు పూర్తయింది' అన్న వాక్యం ఉంటుంది. జ్వరానికి మూడుపూటలా అయిదురోజులు అన్నా అంతే. ఆది, మధ్యం, అంతం ఉన్న కథనమది. రక్తపోటు చికిత్సకు అంతం లేదు. మనకు అలవాటైన వైద్యకథనం అంతం గలది. 1–0–1 గుర్తు ఆ కథనం నుంచే వచ్చింది. అందులో పూట ఉంది, కాలం లేదు.

5. విధేయతా, ఒప్పందమా

మందు వాడకాన్ని సూచించే ఆంగ్లపదాల్లో ఒకదానికి విధేయత అన్న ధ్వని ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003 నివేదిక దాన్ని పక్కనపెట్టి, వైద్యసేవకునితో కలిసి అంగీకరించిన సూచనలకు రోగి ప్రవర్తన ఎంత సరిపోతుందన్నదే ప్రమాణంగా తీసుకుంది. సంపన్న దేశాల్లో సైతం దీర్ఘకాలిక వ్యాధుల్లో అది సగటున 50 శాతమేనని చెప్పింది. కాబట్టి మనవాళ్లకు క్రమశిక్షణ లేదన్న నిట్టూర్పుకు ఆధారం లేదు.

తెలుగు ఆరోగ్యవచనం మాత్రం ఇంకా విధేయత దగ్గరే ఉంది. వాడాలి, మానకూడదు, నిర్లక్ష్యం చేయరాదు అన్న విధినిషేధాలతో వాక్యాలు ముగుస్తాయి. రోగి నిర్లక్ష్యం అన్న పదబంధం కారణంగానూ తీర్పుగానూ ఒకేసారి పనిచేస్తుంది. అది చదివిన పాఠకుడు తరువాతిసారి వైద్యునితో మందు వేసుకుంటున్నానండి అనే చెబుతాడు. వైద్యుడు మోతాదు పెంచుతాడు, లేదా మరొక మందు కలుపుతాడు. 1–0–0 కాస్తా 1–1–1 అవుతుంది. తప్పిన పూటలకు సిగ్గుపడేలా రాసిన వచనం పూటలను ఇంకా పెంచుతుంది. ఈ వచనం మీద నా ప్రధానమైన అభ్యంతరం ఇదే.

దీనికి భిన్నమైన పద్ధతి మన రాష్ట్రంలోనే ఉంది. భారత వైద్య పరిశోధనా మండలి, కేంద్ర ఆరోగ్యశాఖ, రాష్ట్ర ప్రభుత్వాలు, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి చేపట్టిన భారత రక్తపోటు నియంత్రణ కార్యక్రమం మొదలైన అయిదు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. అమ్లోడిపిన్, టెల్మిసార్టన్, క్లోర్‌థాలిడోన్ వంటి రోజుకొక్కసారి మందులతో స్థిరమైన చికిత్సాక్రమం, మందుల నిరంతర సరఫరా, రోగి చేతిలో చికిత్సాకార్డు, రానివారిని వెదకడం దాని పద్ధతులు. 2018లో హైదరాబాదులో మొదలైన బస్తీ దవాఖానాలు ఇంటికి దగ్గరగా వైద్యాన్ని తెచ్చాయి. ఇక్కడ తప్పు రోగి శీలంలో కాక ఏర్పాటులో వెదుకుతారు. మందు నిండుకోవడం, దవాఖాన దూరం కావడం, కూలి పోవడం కూడా మానడానికి కారణాలేనని ఒప్పుకొనే దృష్టి ఇది. ఈ దృష్టికి తగిన తెలుగు వచనం ఇంకా రావలసి ఉంది.

6. రాయవలసిన తీరు

పై పరిశీలన నుంచి తెలుగు వైద్యరచనకు కొన్ని సూచనలు చేయవచ్చు.

మొదటిది, 'తగ్గింది' స్థానంలో 'అదుపులో ఉంది' అని రాయాలి. ఆ వెంటనే 'మందు వాడుతున్నందువల్లనే' అన్న కారణాన్ని చేర్చాలి. ఆ కారణం లేని వాక్యం సగం వాక్యం.

రెండోది, పూటను వైద్యుడు విధించడం కంటే రోగి ఎంచుకొనేలా రాయాలి. బ్రిటన్‌లో 21,104 మందితో జరిగి 2022లో వెలువడిన 'టైమ్' అధ్యయనం ఉదయం వేసుకున్నా రాత్రి వేసుకున్నా గుండెజబ్బుల విషయంలో తేడా లేదని తేల్చింది. మరో కారణంతో వైద్యుడు ప్రత్యేకంగా ఒక వేళ చెప్పకపోతే, ఏ పూట మీకు ఎన్నడూ తప్పదో ఆ పూటే సరైన పూట. పళ్లు తోముకున్నప్పుడు, చాయ్ తాగేటప్పుడు, దుకాణం షట్టర్ వేసినప్పుడు అన్నవి 'ఉదయం', 'రాత్రి' కంటే కచ్చితమైన కాలసూచకాలు. పొద్దున, మాపు అన్న తెలంగాణ మాటలకూ, మాత్రతోపాటు గోలీ, బిళ్ళ అన్న మాటలకూ కవరు మీద చోటుండాలి.

మూడోది, తప్పినప్పుడు ఏం చేయాలో చెప్పాలి. తప్పకూడదని మాత్రమే చెప్పే పాఠ్యం తప్పిన పాఠకుణ్ణి వదిలేస్తుంది. గుర్తొచ్చిన వెంటనే వేసుకోవడం, తరువాతి మోతాదు వేళ దగ్గరపడితే తప్పినదాన్ని వదిలేయడం, రెండు కలిపి వేసుకోకపోవడం సాధారణ నియమం. అటెనొలోల్, క్లోనిడిన్ వంటివాటిని ఉన్నట్టుండి ఆపడం ప్రమాదమన్న మాటనూ విడిగా రాయాలి.

నాలుగోది, పూట పక్కన కాలాన్ని చేర్చాలి. 1–0–0 అన్న గుర్తు తరువాత 'నెల తరువాత మళ్లీ, ఆ తరువాతా' అన్న చిన్న వాక్యం చాలు. కాళ్ల వాపు వంటి ఇబ్బంది వస్తే మానడానికి ముందు వచ్చి చెప్పమన్న ఆహ్వానం కూడా అందులో ఉండాలి. అది విధి కాదు, ఒప్పందం.

7. ముగింపు

పూటలు తగ్గించడం మేలైన వైద్యం. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలో రక్తపోటు సంయుక్త మాత్రలు చేరడం, 2021 మార్గదర్శకాలు రోజుకొక్క మాత్ర వైపు మొగ్గడం అందుకు గుర్తింపే. కాని ఒక్క పూటకు కుదించిన మందును కూడా మానేయవచ్చు. ఆ మానడానికి భాష కూడా ఒక కారణమైనప్పుడు, తెలుగు అధ్యాపకులకూ పరిశోధకులకూ అందులో బాధ్యత ఉంది. మందుల చీటీలు, చికిత్సాకార్డులు, ఆరోగ్యశీర్షికలు మన విశ్వవిద్యాలయాల్లో శైలీశాస్త్ర, అర్థవిజ్ఞాన పరిశోధనకు విషయాలు కావాలి. వాటిని పాఠకులు ఎలా అర్థం చేసుకుంటున్నారో క్షేత్రస్థాయిలో పరిశీలించాలి. అంతవరకు చీటీ రాసేవారు, వ్యాసం రాసేవారు ఒక్క క్రియను జాగ్రత్తగా వాడినా ప్రయోజనం ఉంటుంది. బీపీ తగ్గిందని కాదు, అదుపులో ఉందని, మందు వల్లనే ఉందని రాయడం అందుకు మొదటి మెట్టు.